గాజు పోగు గుమ్మం దాకనే

మన సోలాపూర్ పూర్వభాగ్ గల్లీల్లో ఇప్పుడు కరెంటు తీగల పక్కనే ఇంకో సన్నని నల్ల తీగ కనబడుతుంది. దాని లోపల రాగి ఉండదు, వెంట్రుకంత గాజు పోగు ఉంటుంది. అందులో వెలుతురు పరుగెత్తి ఇంటర్నెట్ తెస్తుంది. ఏండ్ల తరబడి నూలు పోగులు చూసిన నాకు ఈ పోగు వింతే.

కానీ ఫోనుకు తీగ తగిలించలేం కదా. ఇంట్లో వైఫై డబ్బా దాన్ని రేడియో అలలు చేసి గాలిలోకి వదులుతుంది. మనకు నష్టం జరిగేది ఈ ఆఖరి పది అడుగుల్లోనే. డబ్బాను ఇనుప బీరువా వెనక పెడతాం. ఇనుము, రేకు అలలను వెనక్కి కొడతాయి. మనవేమో రేకుల గదులు. పై గదిలో పిల్ల పరీక్ష రాస్తుంటే నడుమ ఆగిపోతుంది, మనం కంపెనీని తిడతాం.

తీగ వేసే అబ్బాయిని అప్పుడే పొడుగు తీగ అడిగి, డబ్బా ఇంటి నడుమ, మనిషి ఎత్తున పెట్టించండి. గాజు పోగును నూలు లెక్క మడవొద్దు, విరుగుతది. ఫోనులో రెండు పేర్లు కనబడితే, 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, గోడ అడ్డమొస్తే నీరసపడుతుంది. 2.4ది మెల్లగయినా దూరం పోతుంది. పై గదికి అదే మేలు.

గల్లీకి పంచాలంటే 2020 డిసెంబరులో కేంద్రం ఒప్పిన పీఎం-వాణి పథకం ఉంది. చాయ్ దుకాణమైనా లైసెన్సు లేకుండ వైఫై అమ్ముకోవచ్చు. ఇంటి డబ్బా పాస్‌వర్డు మాత్రం అందరికీ ఇయ్యకండి. ఎవరు పాడు పని చేసినా, లైను ఎవరి పేరు మీదుందో ముందు ఆ గడపకే పోలీసులొస్తరు.