మూసింది కిటికీనే... పొయ్యి మండుతూనే వుంది!

మే నెల వచ్చిందంటే రెంటచింతల పేరు పేపర్లలో కనిపించక మానదు. రాష్ట్రంలో ఎండ ఎక్కడ ఎక్కువ అంటే ముందుగా చెప్పుకునే వూళ్లలో అదొకటి. ఆ వూరూ, దాపునున్న మాచర్లా, గురజాలా, కారంపూడీ... ఈ పల్నాటి సీమలో మిట్టమధ్యాహ్నం వేళ కుక్క కూడా అరుగు కింద నుంచి బయటికి రాదు. మనుషులైతే తుండు తడిపి నెత్తిన వేసుకుంటారు, ఇంత మజ్జిగ తాగుతారు. బస్టాండు దగ్గర జిరాక్సు షాపులో బల్ల కింద కూర్చున్న కంప్యూటరుకు ఆ సదుపాయం లేదు. దానికున్నదల్లా ఒక చిన్న ఫ్యాను. ఆ ఫ్యాను కూడా గదిలో వున్న వేడిగాలినే లాగి యంత్రం మీద వూదుతుంది.

అయితే కంప్యూటరు కాగిపోయిన ప్రతిసారీ ఎండనే తిట్టడం న్యాయం కాదు. పొద్దుగూకి, గాలి చల్లబడి, తెర మీద ఒక్క పని కూడా లేనప్పుడు సైతం ఫ్యాను బుస్సుమంటూ తిరుగుతున్నదంటే లోపల ఇంకేదో పని జరుగుతున్నట్లే లెక్క. అన్నీ మూసేశామని యజమాని ధీమాగా వుంటాడు. అతను మూసింది కిటికీని మాత్రమే. లోపల పొయ్యి మండుతూనే వుంది.

దీనివల్ల వచ్చే నష్టం చిన్నదేమీ కాదు. జూన్ నెలలో పిల్లల చదువుల కోసం కుల, ఆదాయ ధ్రువపత్రాలకు జనం బారులు తీరతారు. అడంగల్, 1-బి కాగితాల కోసం రైతులు పనులు మానుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని వస్తారు. సరిగ్గా అప్పుడే యంత్రం నత్తనడక నడుస్తుంది. దరఖాస్తు సగం నింపాక తెర నల్లబడుతుంది. "బాబాయ్, మిషను వేడెక్కింది, ఓ పావుగంట కూర్చోండి" అనే మాట వినని పల్లెటూరి మనిషి వుండడు. ఆ పావుగంట గంటవుతుంది, ఈలోగా వూరి బస్సు వెళ్లిపోతుంది.

ఆటో స్టార్టరు లాంటిదే

ఈ సంగతి వ్యవసాయం చేసేవారికి చెప్పడం తేలిక. పొలంలో బోరు మోటారుకు ఆటో స్టార్టరు బిగించి రైతు ఇంటికొచ్చి పడుకుంటాడు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు దానంతటదే తిరుగుతుంది. బోరులో నీళ్లున్నాయా, లేవా అన్నది దానికి పట్టదు. తెల్లారి వెళ్లి చూస్తే కాయిల్ మాడిన వాసన! రైతు ఇంట్లో వున్నాడు గనుక మోటారు కూడా ఆగి వుంటుందనుకోవడం ఎంత పొరపాటో, తెర మీద కనిపించడం లేదు గనుక ప్రోగ్రాము ఆగిపోయిందనుకోవడం కూడా అంత పొరపాటే.

తెర మీద మూల వున్న ఇంటూ గుర్తు నొక్కితే కనుమరుగయ్యేది ఆ ప్రోగ్రాము ముఖం. చాలా ప్రోగ్రాములు అప్పుడే తమ పని కూడా ముగించుకుని వెళ్లిపోతాయి. కొన్ని మాత్రం వెళ్లవు. కుడివైపు కింద, గడియారం పక్కన చిన్న బొమ్మగా మారి నక్కి కూర్చుంటాయి. మరికొన్ని ఆ బొమ్మ కూడా కనపడనివ్వవు. కంప్యూటరు ఆన్ చేయగానే ఆటో స్టార్టరు మాదిరిగా వాటంతటవే లేచి కూర్చునేవీ వున్నాయి. కొత్త ప్రోగ్రాము వేయించుకున్నప్పుడల్లా ఇలాంటిది ఒకటి వెంట వస్తూంటుంది. ఐదేళ్లనాటి యంత్రంలో డజను దాకా పోగుపడినా ఆశ్చర్యం లేదు.

ఇంటర్నెట్ చూసే క్రోమ్‌నే తీసుకోండి. దాని సెట్టింగుల్లో, సిస్టమ్ అనే చోట, క్రోమ్ మూసిన తర్వాత కూడా వెనుక పనులను నడవనివ్వాలా అని అడిగే మీట ఒకటి వున్నది. ఎడ్జ్‌లోనూ అలాంటిదే వుంది. ఆ మీట ఆన్‌లో వుండి, దానికి తోడు ఎవరో చెప్పారని తగిలించుకున్న నాలుగు ఎక్స్‌టెన్షన్లు కూడా వుంటే, కిటికీ మూసినా లోపల సంసారం సాగుతూనే వుంటుంది.

అన్నీ దొంగలు కావు

ఇలా వెనుక నడిచేవన్నీ చెడ్డవని కాదు. వేలిముద్ర యంత్రం పెట్టుకున్న కేంద్రాల్లో ఆర్.డి. సర్వీస్ అనేది ఎప్పుడూ నడుస్తూండాలి. అది ఆగితే ఆధార్ వేలిముద్ర పడదు, పింఛను ముసలమ్మ వెనక్కి పోవలసిందే. వైరస్‌లను కనిపెట్టే ప్రోగ్రామూ అంతే. విండోస్ అప్‌డేట్లు దించుకునేటప్పుడు, వైరస్ సోదా జరిగేటప్పుడు ఓ గంట ఫ్యాను గట్టిగా తిరగడం సహజం. ఆ పని కాగానే అదే నెమ్మదిస్తుంది.

అసలు చిక్కు ఎప్పటికీ నెమ్మదించని వాటితోనే. ప్రింటరుకు పంపిన ఫైలు చెడిపోయి వరుసలో ఇరుక్కున్నదనుకోండి. ప్రింటు పనులను చూసుకునే స్పూలర్ అనే ప్రోగ్రాము దానితోనే తంటాలు పడుతూ ప్రాసెసరును తినేయడం కద్దు. పిలిచిన గిరాకీ వెళ్లిపోయాడు, కాగితం మరో షాపులో తీయించుకున్నాడు, ఇక్కడ మాత్రం ఆ ప్రయత్నం సాగుతూనే వుంది. ప్రోగ్రాములో లోపం వల్ల ఒకే మెట్టు దగ్గర గానుగెద్దులా తిరిగేవీ వున్నాయి. నాలుగు వరసల్లో పని చేసే ప్రాసెసరులో ఇలాంటిది ఒకటి తగిలితే వాడకం 25 శాతం దగ్గర కదలకుండా నిలిచిపోతుంది. పావు వంతే కదా అనుకోవడానికి లేదు. ఆ పావు వంతు వేడి ఇరవై నాలుగు గంటలూ పుడుతూనే వుంటుంది.

మాచర్లకూ తగిలిన సెగ

ఇక నిజమైన దొంగల సంగతి. 2017 సెప్టెంబరులో కాయిన్‌హైవ్ అనే సేవ మొదలైంది. మొనెరో అనే డిజిటల్ నాణెం వున్నది. కంప్యూటర్లు అదేపనిగా లెక్కలు చేస్తూ పోతే ఆ నాణేలు పుడతాయి, లెక్కలు చేయించినవారికి వాటా దక్కుతుంది. కాయిన్‌హైవ్ ఇచ్చే చిన్న కోడ్‌ను వెబ్‌సైటులో పెడితే చాలు, ఆ పేజీ చూడవచ్చినవారి కంప్యూటర్ల చేత ఆ లెక్కలు చేయిస్తుంది. వచ్చినదానిలో 70 శాతం సైటు వారికి, 30 శాతం కాయిన్‌హైవ్‌కు. కరెంటు బిల్లూ, యంత్రం అరుగుదలా పేజీ చూసినవారి ఖాతాలోకి! దూరాన వున్నవాడెవడో మన బోరుకు పైపు తగిలించుకుని తన పొలం తడుపుకున్నట్లు.

మామూలుగా అయితే ఆ పేజీ మూయగానే లెక్కలు ఆగిపోతాయి. ఆ సంగతి దొంగలకూ తెలుసు. అందుకే 2017 నవంబరులో ఒక కొత్త ఎత్తు బయటపడింది. మాల్వేర్‌బైట్స్ అనే భద్రతా సంస్థ దాన్ని పట్టుకుంది. కొన్ని సైట్లు తెరిస్తే, ఒక బుల్లి కిటికీ రహస్యంగా తెరుచుకుని, సరిగ్గా తెర కింద గడియారం వుండే పట్టీ వెనుక దాక్కుంటుంది. వాడేవారు పెద్ద కిటికీ మూసి, బ్రౌజరు మూసేశామనుకుని లేచిపోతారు. బుల్లి కిటికీ మాత్రం లెక్కలు చేస్తూనే వుంటుంది. పైగా ప్రాసెసరును పూర్తిగా పీల్చేస్తే అనుమానం వస్తుందని, కొంతలో కొంత మిగిల్చి వాడుకునే తెలివి కూడా వుంది దానికి.

ఇదంతా అమెరికాలోనో ఐరోపాలోనో జరిగిన గొడవ అనుకుంటే పొరపాటు. 2018 సెప్టెంబరులో ఎకనమిక్ టైమ్స్ పత్రికలో ఒక వార్త వచ్చింది. దేశంలోని ప్రభుత్వ వెబ్‌సైట్లలో కొన్నింటిలోకి ఇలాంటి నాణేల కోడ్ చొరబడిందని, గువాహటికి చెందిన పరిశోధకులు దాన్ని కనిపెట్టారని ఆ వార్త సారాంశం. అందులో పేర్కొన్నవి ఏవనుకున్నారు? ఆంధ్రప్రదేశ్ పురపాలక శాఖ డైరెక్టరు వెబ్‌సైటు, తిరుపతి నగరపాలక సంస్థ వెబ్‌సైటు, మన మాచర్ల పురపాలక సంఘం వెబ్‌సైటు! అప్పటికి మాచర్ల గుంటూరు జిల్లాలో వుండేది, పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది. ఇంటిపన్ను వివరాల కోసమో, జనన ధ్రువపత్రం కోసమో మున్సిపాలిటీ పేజీ తెరిచినవారి యంత్రం ఆ కాసేపూ ఎవరి ఖజానాకో చాకిరీ చేసే పరిస్థితి అన్నమాట. సర్కారు సైటు కాబట్టి అనుమానించేవారెవరు?

కాయిన్‌హైవ్ 2019 మార్చి 8న మూతపడింది. కానీ దాని బాటలో నడిచేవారు మాయం కాలేదు. డబ్బు కట్టకుండా దొరుకుతాయని వేయించుకునే దొంగ ప్రోగ్రాముల్లో ఇలాంటి కోడ్ దాగి వుండే ప్రమాదం ఎప్పుడూ వున్నది.

సెల్‌ఫోన్లకూ ఈ తిప్పలు తప్పలేదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో చేరే లోయాపి అనే దొంగ ప్రోగ్రాము గురించి కాస్పర్‌స్కీ సంస్థ 2017 డిసెంబరులో వెల్లడించింది. పరీక్ష కోసం దాన్ని ఒక ఫోనులో వుంచితే, ఆగకుండా లెక్కలు చేసీ చేసీ రెండు రోజుల్లో బ్యాటరీ వుబ్బి ఫోను ఆకారమే మారిపోయింది. ఎండలో ఆటో ముందు పెట్టుకున్న ఫోను కాలడం వేరు, నీడలో జేబులో వున్న ఫోను కాలడం వేరు. రెండోదాన్ని తేలిగ్గా తీసుకోరాదు.

చూడటం ఎలా?

కీబోర్డు మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ ఒక్కసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. నడుస్తున్న ప్రోగ్రాములన్నీ అక్కడ వరుసగా వుంటాయి. సీపీయూ అని రాసివున్న చోట ఒకసారి నొక్కితే ఎక్కువ పని చేయిస్తున్నవి పైకి వస్తాయి. వెంటనే తీర్పు చెప్పేయకుండా ఓ ఐదు నిమిషాలు చూడాలి. మూసేశామనుకున్న ప్రోగ్రాము పేరు అక్కడ పెద్ద అంకెతో దిగకుండా నిలబడి వుంటే అదే నేరస్థురాలు. దాని మీద కుడి మీట నొక్కి ఎండ్ టాస్క్ అంటే ఆగుతుంది. గడియారం వెనుక దాక్కునే బుల్లి కిటికీ కూడా ఇక్కడ తప్పించుకోలేదు. ఆన్ చేయగానే తమంతట తాము లేచేవాటి జాబితా స్టార్టప్ అనే భాగంలో వుంది. అక్కడ డిజేబుల్ అంటే ఆటో స్టార్టరు పీకేసినట్లే.

పేరు తెలియనిదల్లా ఆపేయడం మాత్రం కూడదు. వేలిముద్ర యంత్రం మూగబోయిందంటూ తర్వాత మెకానిక్కు కోసం తిరగవలసి వస్తుంది. డిటైల్స్ అనే భాగంలో సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్ అన్నదాని పక్కన 95, 98 అంకెలు చూసి గుండెలు బాదుకునేవారూ వున్నారు. నిజానికి ఆ అంకె ఎంత ఎక్కువైతే యంత్రం అంత ఖాళీగా వున్నట్లు!

ఇంకొక తిరకాసు వున్నది. 2012లో వచ్చిన విండోస్ 8 నాటి నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వచ్చింది. అది ఆన్‌లో వున్న యంత్రంలో షట్‌డౌన్ నొక్కితే ప్రోగ్రాములు మూతపడతాయి గానీ, విండోస్ గుండెకాయ లాంటి భాగం ఎక్కడికక్కడే భద్రపడి మర్నాడు ఆ స్థితిలోనే లేస్తుంది. అందులో ఏదైనా చిక్కుముడి వుంటే అదీ దాంతోపాటే లేస్తుంది. రీస్టార్ట్ నొక్కితేనే అంతా మొదటి నుంచి మొదలవుతుంది. రోజూ షట్‌డౌన్ చేస్తున్నా రోగం తగ్గలేదనేవారు వారానికొకసారి రీస్టార్ట్ చేసి చూడటం మంచిది. లాప్‌టాప్‌ల సంగతి మరీ విడ్డూరం. మూత వేస్తే సాధారణంగా అది నిద్రపోతుందే గానీ ఆగిపోదు. ఇప్పటి వాటిలో కొన్ని నిద్రలోనే లేచి అప్‌డేట్లు చూసుకుంటాయి. హాస్టలు నుంచి ఇంటికి వచ్చే కుర్రవాడి సంచీలో, బట్టల మధ్య ఆ పని జరిగితే వేడి ఎటు పోతుంది?

ప్రాసెసరు ఓర్పుకూ హద్దుంది. చాలా ప్రాసెసర్లకు ఆ హద్దు 100 డిగ్రీల సెంటిగ్రేడు దరిదాపుల్లో వుంటుంది. ఆ దరికి చేరగానే తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. షాపులో మిషను నత్తనడకకు ఒక కారణం ఇదే. అప్పటికీ తగ్గకపోతే టక్కున ఆరిపోతుంది. బయట 45 డిగ్రీలున్న రోజున ఆ హద్దు మరింత దగ్గరవుతుంది. దానికితోడు పల్నాడులో దుమ్ముకు కొదవలేదు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల దుమ్ము, మిరప కల్లాల దుమ్ము, లారీలు లేపే దుమ్ము ఫ్యాను రెక్కలకు పట్టి గాలి దారి మూసేస్తుంది. ఆగని ప్రోగ్రాము ఒకవైపు, ఆడని గాలి మరోవైపు!

కరెంటు లెక్క కూడా చూడండి. పనీపాటా లేని పని కోసం యంత్రం అదనంగా 40 వాట్లు లాగిందనుకుంటే, రోజుకు పది గంటల చొప్పున నెలకు 12 యూనిట్లు. బిల్లులో అది విడిగా కనపడదు గనుక ఎవరూ పట్టించుకోరు.

సాయంత్రం కొట్టు కట్టేసే ముందు కంప్యూటరు మీద దుమ్ము పడకుండా పాత దుప్పటో, గోనెపట్టానో కప్పడం చాలా చోట్ల అలవాటు. కప్పేవారు ముందుగా ఒక్క క్షణం ఆగి, ఫ్యాను చప్పుడు పూర్తిగా ఆగిందో లేదో చెవి పెట్టి విని, ఆ తర్వాతే కప్పాలి.