ధ్రువాల మంచు, ప్రళయకావేరి నీళ్ళు

ఆరణి అనగానే చాలామంది పట్టుచీరల ఆరణి అనుకుంటారు. అది తిరువణ్ణామలై వైపుది. నేను చెప్పేది మన తిరువళ్ళూరు జిల్లా ఆరణి. ఆరణి ఏరు ఆంధ్రాలో పుట్టి, పిచ్చాటూరు డ్యామ్‌లో ఆగి, సురుటుపల్లి, ఊత్తుకోట, పెరియపాళెం, మన ఆరణి, పొన్నేరి దాటి పోయి పులికాట్ సరస్సులో కలుస్తుంది. ఆ సరస్సును తమిళంలో పళవేర్కాడు అంటాం. తెలుగులో ప్రళయకావేరి. స.వెం. రమేశ్ గారి 'ప్రళయకావేరి కథలు' చదివినవాళ్ళకి ఈ పేరు కొత్త కాదు. పేరులోనే ప్రళయం ఉన్నా, నేను రాయబోయేది మిల్లీమీటర్ల లెక్క.

2100 నాటికి సముద్రం ఇంత పెరుగుతుంది అని పేపర్లో వస్తుంది. ఒక్కోసారి అరమీటరు అంటారు, ఒక్కోసారి మీటరు, ఇంకోసారి రెండు మీటర్లు. యూట్యూబ్‌లో అయితే చెన్నై మునిగిపోయినట్టు బొమ్మే పెట్టేస్తారు. ఇన్ని అంకెలు ఎందుకొస్తాయి? శాస్త్రవేత్తలకి లెక్క రాకనా? కాదు. ఎక్కువ చిక్కంతా ఒక్కచోటే ఉంది, ధ్రువాల దగ్గరి మంచులో.

ముందు ఏ మంచు అనేది చూడాలి. గ్లాసు నిండా జ్యూస్ పోసి ఐస్ ముక్కలు వేస్తే, ముక్కలు కరిగాక జ్యూస్ పొర్లిపోదు. తేలే మంచు అప్పటికే తన బరువుకు సరిపడా చోటు తీసేసుకుని ఉంటుంది. ఉత్తర ధ్రువం దగ్గర సముద్రం మీద తేలే మంచు ఇలాంటిదే. అది కరిగితే వేరే నష్టాలున్నాయి గానీ, సముద్రమట్టం దాదాపు పెరగదు. గ్రీన్‌లాండ్‌లోనూ అంటార్కిటికాలోనూ ఉన్నది నేల మీద కూర్చున్న మంచు. కిలోమీటర్ల మందం. అది సముద్రంలోకి వస్తే, గ్లాసులో బయటినుంచి కొత్త ముక్కలు వేసినట్టే. గ్రీన్‌లాండ్ మంచంతా కరిగితే ప్రపంచ సముద్రాలు 7 మీటర్ల పైన పెరుగుతాయి, అంటార్కిటికాది మొత్తం కరిగితే ఇంకో 58 మీటర్లు. అంత జరగడానికి వందలు, వేల ఏళ్ళు పడతాయి. మన బతుకులో చూసేది అందులో చిన్న ముక్క. ఆ ముక్క ఎంత అన్నదే ప్రశ్న.

ఇప్పటిదాకా ఎంత పోయిందో బాగానే తెలుసు. సముద్రం ఒక మిల్లీమీటరు పెరగాలంటే సుమారు 36,000 కోట్ల టన్నుల మంచు కరగాలి. 1992 నుంచి 2020 దాకా గ్రీన్‌లాండ్ పోగొట్టుకున్నది దాదాపు 4,89,000 కోట్ల టన్నులు, అంటార్కిటికా 2,67,000 కోట్ల టన్నులు. భాగించి చూడండి, రెండూ కలిపి 21 మిల్లీమీటర్లు వస్తుంది. బొటనవేలి వెడల్పు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ వేడికి సముద్రపు నీరే వ్యాకోచిస్తుంది, హిమాలయాల్లాంటి కొండల మీది మంచు కూడా కరుగుతుంది. అన్నీ కలిపి 1901 నుంచి 2018 దాకా 20 సెంటీమీటర్లు పెరిగింది. మొదట్లో ఏడాదికి 1.3 మిల్లీమీటర్ల చొప్పున పెరిగేది, 2006 తర్వాత 3.7కి వచ్చింది. నాకు మొత్తం కన్నా ఈ వేగమే ముఖ్యం అనిపిస్తుంది.

అంత మంచును ఎవరు తూకం వేశారు అని అడగొచ్చు. 2002లో గ్రేస్ అని రెండు ఉపగ్రహాలు పంపారు. ఒకదాని వెనక ఒకటి, మధ్యలో సుమారు 220 కిలోమీటర్ల దూరం. వాటికి ముద్దుపేరు టామ్ అండ్ జెర్రీ! కింద బరువు ఎక్కువున్న చోటికి ముందుదాన్ని భూమి కాస్త గట్టిగా లాగుతుంది, దూరం పెరుగుతుంది. వెనకది కూడా అక్కడికి చేరితే మళ్ళీ తగ్గుతుంది. వెంట్రుక మందం కన్నా చిన్న ఆ తేడాను కొలిచి కింద ఎంత బరువుందో, పోయిన నెలకన్నా ఎంత తగ్గిందో లెక్క కడతారు. సముద్రమట్టాన్ని కొలవడానికి వేరే ఉపగ్రహాలున్నాయి. వాటిలో ఒకటి ఇస్రో, ఫ్రాన్స్ కలిసి చేసిన సరళ్. 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి పోయింది. మంచు ఎటు కదులుతోందో చూడగల నైసార్ కూడా 2025 జులై 30న అక్కడినుంచే పోయింది. శ్రీహరికోట అంటే ఏమిటి? మన ప్రళయకావేరికీ బంగాళాఖాతానికీ మధ్య అడ్డంగా పడుకున్న ఇసుక దీవి. సముద్రం పెరుగుదలను కొలిచే యంత్రం, ఆ పెరుగుదలకు ముందుగా దొరికే నేల మీదనుంచే పైకి పోయింది.

ఇక రాబోయేది. నేల మీది మంచు ఎండకు కరగడం మాత్రమే అయితే లెక్క కొంత సులువు. ఇంత వేడి, ఇంత నీరు. కానీ మంచు పలక పారుతుంది కూడా, రుబ్బిన పిండి పళ్ళెంలో మెల్లగా పరుచుకున్నట్టు. సముద్రం దగ్గరికి వచ్చాక నేలను వదిలి నీటిమీద తేలుతుంది. అలా తేలే భాగాన్ని మంచు అరుగు అనుకుందాం. ఈ అరుగు కరిగితే మట్టం పెరగదు (జ్యూస్ గ్లాసు గుర్తుందిగా), అయితే వెనకనుంచి వచ్చే మంచును ఆపేది అదే. తలుపుకు అడ్డం పెట్టిన రాయి లాంటిది. 2002లో లార్సెన్ బి అనే అరుగు, మూడువేల చదరపు కిలోమీటర్ల పైన ఉన్నది, నెల రోజుల్లోనే పగిలి ముక్కలైపోయింది. తర్వాత దాని వెనక ఉన్న హిమానీనదాలు వేగం పెంచాయి.

పశ్చిమ అంటార్కిటికాలో ఇంకో చిక్కుంది. అక్కడ మంచు కూర్చున్న నేలే సముద్రమట్టం కన్నా కింద ఉంది, పైగా లోపలికి పోయేకొద్దీ ఇంకా పల్లం. గడప ఎత్తుగా ఉండి లోపలి గది పల్లంగా ఉన్న ఇల్లు ఊహించుకోండి. వాననీళ్ళు గడప దాటనంతసేపు ఏమీ కాదు. దాటితే ఇక లోపలికే. అలాగే వెచ్చటి సముద్రపు నీరు కిందనుంచి మంచును కరిగిస్తే, మంచు నేలను వదిలే గీత వెనక్కి జరుగుతుంది. వెనక మంచు ఇంకా మందం కాబట్టి ఇంకా వేగంగా సముద్రంలోకి పారుతుంది, గీత ఇంకా వెనక్కి పోతుంది. 1970లలోనే వీర్ట్‌మన్, మెర్సర్ అనే శాస్త్రవేత్తలు ఈ ప్రమాదం గురించి రాశారు. థ్వైట్స్ అనే ఒక్క హిమానీనదం మొత్తం పోతే సముద్రం సుమారు 65 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఆ గడప దాటేశామా, ఇంకా దాటలేదా, దాటితే వందేళ్ళా ఐదువందల ఏళ్ళా? వేరువేరు దేశాలవాళ్ళు కంప్యూటర్లలో మంచును గళ్ళుగళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడికి వేడి, బరువు, జారుడు పెట్టి నడిపిస్తే జవాబులు వేరువేరుగా వస్తున్నాయి. అడుగున రాయి ఉందా బురద ఉందా అన్నది కూడా చాలాచోట్ల ఊహించుకోవాల్సిందే.

అందుకే 2021లో ఐపీసీసీ ఒకే అంకె ఇవ్వలేదు. 1995-2014 మధ్య సగటుతో పోలిస్తే, మనుషులు పొగను చాలా త్వరగా తగ్గిస్తే 2100 నాటికి 28 నుంచి 55 సెంటీమీటర్లు. బాగా పెంచుకుంటూ పోతే 63 నుంచి 101. అలా పెంచుకుంటూ పోయి మంచు పలకలు కూడా కూలడం మొదలుపెడితే 2 మీటర్ల దగ్గరికి పోవచ్చు, అవకాశం తక్కువే కానీ కాదని చెప్పలేం అన్నారు. ఇందులో రెండు రకాల అనుమానం కలిసి ఉంది. ఒకటి మనం ఏం చేస్తామో తెలియకపోవడం, రెండోది మంచు ఏం చేస్తుందో తెలియకపోవడం. మొదటిది తేల్చాల్సింది మనుషులే, ఏ కంప్యూటరూ తేల్చలేదు. పేపర్లవాళ్ళు ఈ రెండూ కలిపేసి చివరి అంకె మాత్రం హెడ్డింగ్‌లో వేస్తారు, అదే నాకు నచ్చనిది.

ఒక వింత కూడా చెప్పాలి. అంటార్కిటికా మంచు ఎంత బరువంటే, చుట్టూ ఉన్న సముద్రాన్ని తనవైపు లాక్కుని ఉంటుంది. మంచు తగ్గితే ఆ లాగుడు తగ్గి, దానికి దగ్గర్లో నీటిమట్టం దిగుతుంది, దూరంగా ఉన్న మనలాంటి చోట్లకి ఎక్కువ వస్తుంది. దూరం కదా అని ధైర్యంగా ఉండటానికి లేదు.

ఇక్కడికి వద్దాం. ఉత్తర హిందూ మహాసముద్రం 1993-2015 మధ్య ఏడాదికి 3.3 మిల్లీమీటర్లు పెరిగిందని 2020లో మన కేంద్ర ప్రభుత్వ నివేదికలో ఉంది. ప్రళయకావేరి సగటు లోతు సుమారు ఒక మీటరు. చాలాచోట్ల మనిషి నడుచుకుంటూ పోవచ్చు. అలాంటి సరస్సు పక్కన సముద్రం అరమీటరు పెరగడం అంటే చిన్న మాట కాదు. అక్కడి జాలర్లలో 'పాడు' అనే కట్టుబాటు ఉంది, ఎవరు ఏ రోజు ఏ తావులో వల వేయాలో వంతులు. లోతు, ఉప్పు మారితే రొయ్యలు తావు మారుస్తాయి. అప్పుడు ఆ వంతులు ఎక్కడ పట్టుకోవాలి?

ఆరణి సముద్రానికి పాతిక కిలోమీటర్ల అటూఇటూ లోపల ఉంది. 2100లోనూ అలలు మన వీధికి రావు. ఉప్పు వచ్చే దారి వేరే, నేల కింద. మంచినీళ్ళు ఉప్పునీళ్ళ కన్నా తేలిక, అందుకని ఒడ్డు దగ్గరి ఇసుక నేలల్లో భూమి లోపల వాటి మీద తేలుతుంటాయి. లెక్క ప్రకారం సముద్రమట్టం కన్నా ఒక అడుగు పైన మంచినీళ్ళుంటే, కింద సుమారు నలభై అడుగుల దాకా మంచినీళ్ళే ఉంటాయి. ఆ ఒక్క అడుగు తేడా పోతే నలభై అడుగులూ పోయినట్టే. తేడా రెండు రకాలుగా పోతుంది: సముద్రం పెరగడం, లేదంటే మనం బోర్లతో తోడేయడం. మీంజూరు, పంజెట్టి వైపు బోర్లనుంచి చెన్నైకి దశాబ్దాలుగా నీళ్ళు తోడారు. మీంజూరు దగ్గర సముద్రపు నీరు నేల కింద కిలోమీటర్ల దూరం లోపలికి వచ్చేసింది. మా అమ్మ ఉప్పుత్తణ్ణి అంటుంది, నాన్న ఉప్పునీళ్ళు అంటాడు, కాఫీ మాత్రం రెండు భాషల్లోనూ విరుగుతుంది. ఇప్పటిదాకా ఆ ఉప్పులో ఎక్కువ పాపం బోర్లదే, మంచుది కాదు. ముందుముందు రెండూ కలుస్తాయి. అదే మీంజూరు పక్కన కాట్టుపళ్ళిలో 2010లో సముద్రపు నీళ్ళను రోజుకు 10 కోట్ల లీటర్ల మంచినీళ్ళుగా మార్చగల ప్లాంటు మొదలైంది.

ఇందాకటి అంకెలు ఎవరికి పనికొస్తాయి అంటే, ఈ ఒడ్డున ఏదైనా కట్టేవాళ్ళకి. ఇరవై ఏళ్ళు నిలిచే చేపల షెడ్డుకి ఇప్పటి వేగం చూసుకుంటే చాలు. ఎణ్ణూరు, కాట్టుపళ్ళి రేవుల్లాంటివి, కరెంటు ప్లాంట్లు, వందేళ్ళు ఉండాల్సిన వంతెనలు కట్టేవాళ్ళు మధ్య అంకె తీసుకుంటే సరిపోదు, రెండు మీటర్ల మాట కూడా పక్కన పెట్టుకునే ఉండాలి. నేల కింది లెక్క మాత్రం అంతదాకా ఆగక్కర్లేదు. కేంద్ర భూగర్భ జల మండలి ఏడాదికి నాలుగుసార్లు బావుల మట్టం కొలుస్తుంది. అంటార్కిటికా మంచును మనం ఇక్కడినుంచి ఆపలేం, బోరు మోటారు స్విచ్ మన గోడ మీదే ఉంది.