బొమ్మలో లేనిది గీతలో దొరికింది

షాబాద్‌లో పదో తరగతికి అయస్కాంతత్వం పాఠం జరుగుతోంది. ఎంఆర్‌ఐ మాట రాగానే ఒకమ్మాయి లేచింది. "సార్, మా తమ్మునికి అది తీసిన్రు. మెదడు మంచిగనే ఉందన్నరు. మరి మాటలెందుకు వస్తలేవు?" పిల్లవాడికి ఫిట్స్ కూడా ఉన్నాయట. ఆ బాబు జబ్బేమిటో చెప్పడం నా పని కాదు. అయితే ఎంఆర్‌ఐలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన విద్య ఆ ప్రశ్నకు దగ్గర్లోనే ఉంది. యంత్రం అదే, ఈసారి బొమ్మకు బదులు ఎగుడుదిగుడుల గీత ఒకటి ఇస్తుంది. ఎంఆర్ స్పెక్ట్రోస్కోపీ అంటారు.

మామూలు ఎంఆర్‌ఐ ముఖ్యంగా చూసేది నీళ్లనే. భూమి అయస్కాంత బలానికి 30,000 రెట్లు మించిన 1.5 టెస్లా క్షేత్రంలో, నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాలు సెకనుకు దాదాపు 6.4 కోట్ల సార్లు గిరగిరా తిరుగుతాయి. మిగతా అణువుల్లోనూ హైడ్రోజన్ ఉంది కదా! కేంద్రకాన్ని చుట్టుకున్న ఎలక్ట్రాన్లు ఆ క్షేత్రాన్ని రవ్వంత అడ్డుకుంటాయి. ఆ అడ్డు ఒక్కో అణువులో ఒక్కో తీరు. అందుకే క్రియాటిన్‌లోని హైడ్రోజన్‌కూ, నాడీకణాల్లోని ఎన్-అసిటైల్ ఆస్పార్టేట్ హైడ్రోజన్‌కూ వేగంలో తేడా వస్తుంది. ఎంత తేడా? 6.4 కోట్లలో సుమారు 64. యంత్రం ఆ కాస్త తేడానూ పట్టేస్తుంది.

చిక్కల్లా నీళ్లతోనే. వాటి సంకేతం మిగతావాటికన్నా వేల రెట్లు పెద్దది. బరాత్‌లో బ్యాండు మోగుతుంటే పక్కవాడి గుసగుస వినాలన్నట్టు ఉంటుంది పని. అందుకని ముందుగా సరిగ్గా నీటి వేగానికే శ్రుతి చేసిన రేడియో తరంగాన్ని పంపి, నీటి కేంద్రకాలను చెల్లాచెదురు చేస్తారు. అవి తేరుకునేలోపు వరుసగా మూడు తరంగాలు పంపుతారు. ఒక్కోటి మెదడులో ఒక్కో దిక్కు పలకను తాకుతుంది. మూడు పలకలూ కలిసే చిన్న గడి నుంచి మాత్రమే ప్రతిధ్వని తిరిగొస్తుంది. తల మీద కత్తిగాటు పడకుండా లోపలి రసాయనాలను విడివిడిగా వినడమిది! ఈ ఉపాయం ఎన్నిసార్లు చదివినా నాకు కొత్తగానే ఉంటుంది.

ఆరోగ్యంగా ఉన్న మెదడు గీతలో మూడు శిఖరాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి: ఎన్-అసిటైల్ ఆస్పార్టేట్, క్రియాటిన్, కోలిన్. కెనవాన్ వ్యాధిలో మొదటిది విపరీతంగా పెరుగుతుంది. 1994లో సిల్వియా స్టోక్లర్ బృందం జర్మనీలో ఒక పసివాడి కేసు ప్రచురించింది. ఆ పసివాడి మెదడు గీతలో క్రియాటిన్ శిఖరమే లేదు. మూత్రపిండాల్లో మొదలై కాలేయంలో పూర్తయ్యే క్రియాటిన్ తయారీలో చివరి ఎంజైమ్ పనిచేయడం లేదు. అప్పటిదాకా ఎవరూ పేరు పెట్టని జబ్బు అది. క్రియాటిన్‌ను నోటి ద్వారా ఇస్తూ పోతే శిఖరం మెల్లగా లేచింది, బాబు కదలికలూ మెరుగుపడ్డాయి.

ఆ శిఖరం మీద ఒక తెలుగువాడి చెయ్యి ఉంది. అందులో క్రియాటిన్‌తో పాటు ఫాస్ఫోక్రియాటిన్ కూడా కలిసే ఉంటుంది. కండరంలో ఇట్టే విడిపోయే ఫాస్ఫేటు ఒకటి ఉందని 1927లో లండన్‌లో ఎగిల్టన్ దంపతులు గుర్తించారు. అదే ఏడాది హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అది క్రియాటిన్‌తో ముడిపడిన ఫాస్ఫేటని తేల్చారు. పోటీలో గెలిపించింది రెండేళ్ల ముందు వాళ్లిద్దరే ఇచ్చిన, భాస్వరాన్ని రంగుతో కొలిచే పద్ధతి అని నా నమ్మకం. సుబ్బారావు 1940లో హార్వర్డ్ వదిలారు. 1945 డిసెంబరులో అదే హార్వర్డ్‌లో ఎడ్వర్డ్ పర్సెల్ బృందం పారఫిన్ మైనంలోని హైడ్రోజన్ కేంద్రకాల సంకేతాన్ని పట్టుకుంది. ఎంఆర్‌ఐకి పడిన పునాదుల్లో అదొకటి.

1994 తర్వాతి కథ త్వరగా సాగింది. 2001 నాటికి క్రియాటిన్ లోపాలు మరో రెండు బయటపడ్డాయి. ఒకటి మందుకు లొంగుతుంది. రెండోదాంట్లో క్రియాటిన్‌ను మెదడులోకి చేర్చే ద్వారమే పాడవుతుంది, కాబట్టి నోటి ద్వారా ఇచ్చినా పెద్దగా ఫలితముండదు. గీత చూసి అనుమానం కలిగితే మూత్ర పరీక్షతో, జన్యు పరీక్షతో ఖాయం చేసుకుంటారు. స్పెక్ట్రోస్కోపీ ప్రతి స్కాన్‌లోనూ దానంతటదే జరగదు, డాక్టరు అడిగితేనే చేస్తారు. కారణం తెలియకుండా మాట ఆగి, ఫిట్స్ వస్తున్న పిల్లలను చేవెళ్ల మీదుగా నగరానికి తీసుకెళ్లే తల్లిదండ్రులు "ఆ గీత కూడా తీయించాలా?" అని డాక్టర్ని అడగవచ్చు. మత్తిచ్చి పడుకోబెట్టిన పిల్లవాడి మీద ఆ పరీక్షకు పట్టేది మరికొన్ని నిమిషాలే.