గిటార్ వెనక రోజ్‌వుడ్ ఉంటేనే సౌండ్ వస్తదా?

"అన్నా, రోజ్‌వుడ్ గిటారే కొనాలా?" అని తెగ అడుగుతున్నారు. డబ్బు తీసే ముందు ఇది వినండి.

తీగ ఒక్కటే గాలిని పెద్దగా కదిలించలేదు. అది బ్రిడ్జిని ఊపుతుంది, బ్రిడ్జి కింద ఉన్న ముందు పలక స్పీకర్‌లా కొట్టుకుంటుంది. అందుకే అక్కడ స్ప్రూస్ వాడతారు: బరువు తక్కువ, బిగువు ఎక్కువ. మన బొబ్బిలి వీణ చూడండి. గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి చేస్తారు, కానీ బ్రిడ్జి కూర్చునేది కుండను మూసిన పలక మీదే.

1862లో స్పెయిన్‌లో ఆంటోనియో డి టోరెస్ అయితే పక్కలు, వెనక భాగం అట్టతోనే చేసేశాడు! ముందు పలక మాత్రం చెక్క. ఆ గిటార్ బార్సిలోనా మ్యూజియంలో ఉంది. 2018లో ఇంగ్లండ్‌లోని లాంకాస్టర్ యూనివర్సిటీవాళ్లు వెనక, పక్కల చెక్క మాత్రమే మార్చిన 6 గిటార్లను, ఏది ఏదో కనబడకుండా, 52 మంది గిటారిస్టులతో వాయించారు. ఖరీదైన రోజ్‌వుడ్‌కీ చవక చెక్కకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

సైజు మాత్రం చెవికి తెలుస్తది. పెద్ద సీసా, చిన్న సీసా మూతి మీద ఊదండి. పెద్దదానిది లోతైన మోత. డ్రెడ్‌నాట్ లోపలి గాలి సుమారు 100 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది కాబట్టి బాస్ నిండుగా వస్తుంది. పార్లర్ సైజులో ఆ మోత ఇంకా పైకి పోతుంది. రూమ్‌లో కూర్చుని వేళ్లతో మెల్లగా వాయించేవాళ్లకి నా ఓటు చిన్నదానికే.

షాపులో ముందు "టాప్ సాలిడా, ప్లైవుడ్డా?" అని అడగండి. వాళ్లు చెప్పినా సరే, సౌండ్‌హోల్ అంచు చూడండి. పైన ఉన్న గీతలు అంచులోకీ దిగితే సాలిడ్. పొరలు కనబడితే ప్లైవుడ్.