తడిమే వ్రేలికి పలికే అద్దము



మా సంఘములో చూపు లేని ఒక పెద్దాయన ఉన్నారు. బొత్తాముల ఫోనులో 5 అంకె మీద ఉండే చిన్న బొడిపెను తడిమి, దాని పైన 2, క్రింద 8 అని గుర్తు పెట్టుకొని, ఎవరి సహాయమూ లేకుండా కుమార్తెతో మాట్లాడేవారు. ఆ ఫోను పాడైతే మనుమడు ప్రేమతో టచ్ ఫోను తెచ్చి ఇచ్చాడు. దాని ముఖమంతా నున్నని అద్దమే. "తలుపెక్కడుందో తెలియని గోడలా ఉంది అయ్యగారూ" అన్నారాయన. "మనుమడి చేత చేయించుకోండి తాతగారూ" అని సులువుగా చెప్పి వచ్చేశాను. ఆయన ఏమీ అనలేదు.

ఇది ఆయన ఒక్కరి చిక్కు కాదు. 2007లో ఐఫోను అంకెల బొత్తాములను తీసివేసి, వాటి స్థానములో అద్దమును పెట్టింది. మన వ్రేలికి విద్యుత్తును ప్రసరింపజేసే గుణమున్నది గనుక, అది ఎక్కడ తాకిందో అద్దములోని సన్నని పొర కనిపెడుతుంది. తాకగానే పని జరిగిపోతుంది. చూపున్నవారికి అది సౌకర్యమే. చూపు లేనివారు మాత్రము తడిమి వెదకాలి. తడిమితే చాలు, ఏదో ఒకటి నొక్కినట్టే!

2008లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో షాన్ కేన్, జెఫ్రీ బిగమ్, జేకబ్ వాబ్రాక్ వెదకుటను, నొక్కుటను వేరు చేశారు. వారి 'స్లైడ్ రూల్' పద్ధతిలో ఒక వ్రేలు జారుతుంటే దాని క్రిందనున్న పేరును ఫోను చదువుతుంది. కావలసినది వినబడగానే రెండవ వ్రేలితో తట్టాలి. చూపు లేని 10 మంది వాడి చూస్తే, బొత్తాముల పరికరము కంటె పని త్వరగా జరిగింది. పొరపాట్లు ఎక్కువే వచ్చాయి. అయినా ఏడుగురు దీనినే కోరుకున్నారు.

2009లో ఐఫోనులో 'వాయిస్ ఓవర్' వచ్చింది. తాకితే పేరు చెబుతుంది, వెంటవెంటనే రెండుసార్లు తట్టితే తెరుస్తుంది. ఆండ్రాయిడ్ ఫోనులలో ఇట్టి పని చేసేది 'టాక్‌బ్యాక్'. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అనే చోట ఉంటుంది. తెలుగులోనూ చదువుతుంది.

మా యౌవనస్థుడొకడు నాలుగు సాయంత్రాలు ప్రక్కన కూర్చుండి తాతగారికి దీనిని నేర్పాడు. అయిదవ రోజున నా ఫోను మ్రోగింది. "నేనే చేశాను అయ్యగారూ!" ఆ గొంతులోని సంతోషము విని సిగ్గుపడ్డాను.

బేత్సయిదాలో ప్రభువు గ్రుడ్డివాని చెయ్యి పట్టుకొని ఊరి వెలుపలికి నడిపించాడు. ముట్టి, ఏమైనా కనబడుతున్నదా అని అడిగాడు. సరిగా కనబడనందున మరల ముట్టాడు (మార్కు 8వ అధ్యాయము). సర్వము ఎరిగినవాడే అడిగాడు. నేను అడుగలేదు.

కంప్యూటరు చదువుచున్న మన పిల్లలకు ఒక మాట. మీరు తయారుచేసే తెరమీద ప్రతి బొమ్మకు పేరు వ్రాయండి. పేరు లేని చోట ఫోను "బటన్" అని మాత్రమే అంటుంది. వినేవానికి అది త్రోవలోని అడ్డురాయే.

తలిదండ్రులారా, మీ ఇంటి పెద్దల ఫోను ఈ సాయంత్రము వారి చేతిలోనే పెట్టి, ఏది కష్టముగా ఉన్నదో అడగండి. అట్టి ఓర్పును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.