పక్క ఫైలులో వెతుకులాట

బెంగళూరులోని కె.ఆర్.పురం రైల్వే స్టేషన్ కోడ్ కె.జె.ఎం. ఆంధ్ర నుంచి రైలెక్కి వైట్‌ఫీల్డ్ ఆఫీసులకు వచ్చే తెలుగువాళ్ళకు బాగా తెలిసిన స్టేషన్ ఇది. టికెట్ల వివరాలన్నీ ఒక ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలులో ఉన్నాయనుకుందాం. అందులో ఉండేవి కోడ్‌లే. స్టేషన్ల పూర్తి పేర్లు వేరే ఫైలులో ఉంటాయి. ఈ రెండింటినీ కలిపి చదవదగ్గ పేజీగా మార్చే పని ఎక్స్‌ఎస్‌ఎల్‌టి భాషది.

టికెట్లు 10,000, స్టేషన్లు 7,000 అనుకోండి. ప్రతి టికెట్‌కూ స్టేషన్ల ఫైలంతా గాలిస్తే 7 కోట్ల పోలికలు! ఇలాంటప్పుడు ప్రోగ్రామర్ల అనుమానం ముందుగా ఫైలు మీదికే పోతుంది, దాన్ని మాటిమాటికీ తెరవాల్సి వస్తోందేమోనని. అది నిజం కాదు. ఒక్క రన్‌లో పక్క ఫైలును తెరిచే డాక్యుమెంట్ ఫంక్షన్‌ను అదే చిరునామాతో ఎన్నిసార్లు పిలిచినా దొరికేది అదే ప్రతి. కాలమంతా తినేది వెతుకులాటే.

దీనికి మందు మొదటి నుంచీ ఉంది. జేమ్స్ క్లార్క్ సంపాదకత్వంలో 1999 నవంబరు 16న వెలువడిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టి 1.0లోనే 'కీ' అనే ఏర్పాటు ఉంది. పోస్టాఫీసులో ఉత్తరాలను ఊరివారీగా అరల్లో సర్దినట్టు, ఈ భాషను నడిపే ప్రాసెసర్ ఫైలును ఒక్కసారి చదివి కోడ్‌లవారీగా సూచిక కట్టుకుంటుంది. ఆపైన ఏ కోడ్ అడిగినా నేరుగా దాని అరలోకే చెయ్యి పెడుతుంది. ఐబీఎంలో హాన్స్ పీటర్ లూన్ 1953లో ప్రతిపాదించిన హ్యాషింగ్ ఇలాంటి సూచికలకు పునాది. 7 కోట్ల పోలికలు పోయి, 7,000 నమోదులు, 10,000 అడగడాలు మిగులుతాయి.

కానీ 1.0లో ఒక చిక్కు ఉంది. ప్రాసెసర్ ఆ క్షణాన ఏ ఫైలులోని నోడ్ మీద ఉందో, కీ ఆ ఫైలులోనే వెతుకుతుంది. టికెట్ దగ్గర ఉండి స్టేషన్ పేరు అడిగితే టికెట్ల ఫైలులో వెతికి ఖాళీ చేతులతో వస్తుంది. తప్పు జరిగిందన్న సందేశం కూడా రాదు. ఎందరో ప్రోగ్రామర్ల సాయంత్రాలను మింగింది ఈ మౌనమే. దారి ఏమిటంటే, కోడ్‌ను ముందే ఒక వేరియబుల్‌లో దాచుకుని, ఫర్-ఈచ్‌తో స్టేషన్ల ఫైలులోకి అడుగుపెట్టి, అక్కడ కీని పిలవాలి. తిప్పడానికేమీ లేకపోయినా, కేవలం చోటు మారడానికి ఒక లూప్! పని చేస్తుంది గానీ, కొత్తగా చదివేవాడికి అదెందుకుందో అంతుపట్టదు.

మైకేల్ కే సంపాదకత్వంలో 2007 జనవరి 23న వచ్చిన 2.0 కూర్పు, కీ ఫంక్షన్‌కు మూడో ఆర్గ్యుమెంట్ ఇచ్చింది. ఏ ఫైలులో వెతకాలో అక్కడే చెప్పేయవచ్చు. ఆ కూర్పులో పెద్ద మార్పులు ఇంకెన్నో ఉన్నా, రోజూ ఈ భాషలో రాసేవారికి ఇంత మేలు చేసినవి తక్కువని నా అభిప్రాయం.

2017 జూన్ 8 నాటి 3.0 మ్యాప్‌లనూ స్ట్రీమింగ్‌నూ తెచ్చింది. మెమరీలో పట్టనంత పెద్ద టికెట్ల ఫైలును ప్రవాహంలా చదువుతూనే, చిన్నదైన స్టేషన్ల ఫైలును మెమరీలో నిలిపి కీతో వెతుక్కోవచ్చు. శాక్సన్ అనే ప్రాసెసర్‌లో ఇవన్నీ ఉన్నాయి, స్ట్రీమింగ్ మాత్రం దాని ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లోనే. లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టి అనే మరో ప్రాసెసర్ 1.0 దగ్గరే ఉంది కాబట్టి, దానితో పనిచేసేవారికి ఆ పాత లూపే ఇప్పటికీ దిక్కు.