చాదస్తము కాదు, వ్యాధి

వార్ధక్యమున కలుగు మరుపునకు మన యిండ్లలో పేర్లకు కొదువ లేదు. మతిమరుపనియు, చాదస్తమనియు, పెద్దతనమనియు అనుచుందురు. తాళపుచెవి ఎక్కడ పెట్టినదియు కొంతసేపు తోచక, పిదప జ్ఞప్తికి వచ్చుట వయసుతో వచ్చు మార్పే. కాని తాళపుచెవిని చేతబట్టుకొని అది దేనికో తెలియకుండుట, నలుబదియేండ్లు కాపురమున్న వీధిలో దారి తప్పుట, కన్నకొడుకును చూచి ‘నీవెవరవు నాయనా?’ అని అడుగుట వయసు చేయు పనులు కావు. అవి మెదడునకు సోకిన వ్యాధి చేయు పనులు. ఈ భేదము తెలియకపోవుటచేతనే రోగికి చికిత్సయు, సేవ చేయువారికి సానుభూతియు అందకున్నవి.

ఇట్టి వ్యాధులలో ముఖ్యమైనదానిని తొలుత వివరించినవాడు జర్మను వైద్యుడు అలాయిస్ ఆల్జ్‌హైమర్. 1901 నవంబరులో ఫ్రాంక్‌ఫర్టు నగరమందలి మానసిక చికిత్సాలయమున ఔగుస్టె డేటర్ అను 51 ఏండ్ల స్త్రీ చేర్పబడెను. ఆమె తన పేరు వ్రాయ మొదలిడి నడుమనే మరచెడిది. 1906 ఏప్రిలులో ఆమె మరణించిన పిదప ఆ వైద్యుడు ఆమె మెదడును సూక్ష్మదర్శినితో పరీక్షించి, కణముల వెలుపల పేరుకొనిన పదార్థమును, లోపల చిక్కుపడిన పోగులను కనుగొనెను. ఆ యేటి నవంబరు 3న ట్యూబింగెన్ నగరమున జరిగిన వైద్యసభలో ఈ సంగతిని విన్నవించెను. 1910లో క్రేపెలిన్ పండితుడు తన వైద్యగ్రంథమున ఈ వ్యాధికి ఆల్జ్‌హైమర్ పేరే పెట్టెను. నేడు భారతదేశమున 60 ఏండ్లు దాటినవారిలో ఇట్టి మరుపువ్యాధులకు లోనైనవారు సుమారు 88 లక్షలని 2023లో వెలువడిన పరిశోధన అంచనా కట్టినది.

ఈ వ్యాధి సాధారణముగ తొలుత దెబ్బతీయునది క్రొత్త జ్ఞాపకములను నిలుపు మెదడు భాగమును. అందుచేతనే వృద్ధురాలు తన పెండ్లినాటి పాటలను తప్పులేక పాడగలదు. గంట క్రితము భుజించిన సంగతి మాత్రము ఎరుగదు. ‘నాకింతవరకు అన్నము పెట్టలేదు’ అని అరుగుమీద కూర్చుండి పొరుగువారితో చెప్పును. ఆమె అబద్ధమాడుట లేదు. ఆ భోజనము ఆమె మనస్సున నిలువలేదు. విన్నవారు కోడలిని నిందింతురు. ఎక్కడనో పెట్టి మరచిన గొలుసును దొంగిలించినదన్న మాటయు ఆ కోడలిపైననే పడును. పక్కబట్టలు మార్చి, రాత్రి మూడుమారులు లేచి వీధితలుపు గడియ చూచి వచ్చిన మనిషి, తెల్లవారునప్పటికి వీధివారి దృష్టిలో అత్తను పస్తులుంచు గయ్యాళి యగును. వ్యాధి యొకరిది, శిక్ష యిద్దరిది.

మరుపురోగులకు ఆత్మీయులు చేయు సేవలో 70 శాతము స్త్రీలదేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెలుపుచున్నది. ఆ సేవకు జీతము లేదు, సెలవు లేదు. పసిబిడ్డను పెంచు తల్లికి బిడ్డ రేపు నడచునన్న ఆశ కలదు. ఈ సేవలో ఆ యాశయు లేదు. నేడు తెలిసిన ముఖము రేపు తెలియకపోవచ్చును. నిద్రలేమియు, కుంగుబాటును సేవ చేయువారిని క్రమముగ రోగులను చేయును.

ఇరుగుపొరుగువారు చేయదగినది స్వల్పమే, కాని విలువైనది. రోగితో వాదము కూడదు. ‘ఇప్పుడే తింటిరి గదా’ అని పదిమారులు చెప్పినను ప్రయోజనము లేదు. ‘వడ్డించుచున్నారు, అంతలో ఈ చిక్కుడుకాయల ఈనెలు తీయుదము రండి’ అనిన పెక్కుమారులు శాంతింతురు. దారి తప్పి తిరుగు వృద్ధుని చూచిన దుకాణదారుడో, ఆటో నడుపువాడో జేబులోని చీటి చూచి ఇంటికి కబురు చేయవచ్చును; అట్టి చీటి జేబున నుంచుట ఇంటివారి పని. దూరమున నున్న కొడుకులు, కూతుండ్రు ఫోనులో సలహాలు చెప్పుటకంటె ఏడాదికొక నెల వచ్చి భారము మోయుట మేలు.

వైద్యుని దర్శించుటకు జాగు చేయరాదు. థైరాయిడు లోపము, బి12 విటమిను కొరత, మనోవ్యాకులత కూడ ఇట్టి మరుపును కలిగింపవచ్చును. అవి చికిత్సకు లొంగునవి. ఆల్జ్‌హైమర్ వ్యాధిని సమూలముగ తొలగించు మందు లేదు. లక్షణములను కొంతకాలము తగ్గించునవి కలవు. రక్తపోటును, మధుమేహమును అదుపున నుంచుట, పొగ మానుట, చెవుడునకు యంత్రము వాడుట, నలుగురిలో మెలగుట ఈ ముప్పును తగ్గించునని వైద్యుల అభిప్రాయము. రెండు భాషలు మాటాడువారిలో ఈ వ్యాధులు సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగ పొడసూపినట్లు హైదరాబాదు నిమ్స్ వైద్యశాలలో 648 మంది రోగులపై జరిగిన పరిశోధన 2013లో తెలిపినది.

1992లో కేరళలో ఆల్జ్‌హైమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఏర్పడి, ఇట్టి కుటుంబములకు చేయూత నిచ్చుచున్నది. వృద్ధుల సహాయమునకై ప్రభుత్వము 14567 అను ఫోను నంబరును నెలకొల్పినది. ఏటేట సెప్టెంబరు 21న ఆల్జ్‌హైమర్ దినము జరుగుచున్నది. కాని ఒకనాటి సభలతో తీరు పని కాదిది. అరుగుమీద వృద్ధురాలి ఫిర్యాదు విన్న పొరుగింటి ఇల్లాలు తీర్పు చెప్పుట మాని, లోనికి వెళ్లి, ‘నీవు తింటివా, అమ్మా?’ అని ఆ కోడలిని అడిగిననాడు అసలైన సాయము మొదలగును.